ఆ గొంతులో కవి ఎంత, క్యాసెట్ ఎంత

బెజవాడ గవర్నర్‌పేటలో మా షాపుకి వచ్చే పని దాదాపు అంతా పెళ్లి క్యాసెట్లే, పాత వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇవ్వడం, మధ్యలో ఎప్పుడైనా ఎవరో ఒకరు ఆడియో క్యాసెట్ పట్టుకొస్తారు. పోయిన వేసవిలో గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పెద్దావిడ వచ్చారు, రిటైరైన టీచరు, చేతిసంచిలో న్యూస్‌పేపర్ చుట్టిన క్యాసెట్ ఒక్కటే ఉంది, గంటది. వాళ్ల నాన్నగారు పద్యాలు రాసేవారంట, సొంత ఖర్చుతో ఒక పుస్తకం కూడా వేశారంట, 80ల్లో ఒకరోజు ఇంట్లో టేప్‌రికార్డర్ ముందు కూర్చుని తన పద్యాలు తనే చదివి రికార్డు చేసి పెట్టుకున్నారు. ప్లే చేశాను. ఆవిడ కళ్లు మూసుకుని వింటున్నారు. నాకేమో మొదటి పద్యం దగ్గరే తేడాగా అనిపించింది, గొంతు ఉండాల్సిన దానికన్నా కాస్త సన్నగా ఉంది, మాట కాస్త పరిగెడుతోంది. "అమ్మా, మీ నాన్నగారి గొంతు ఇలాగే ఉండేదా?" అని అడిగా. "ఇదే బాబూ, ఇదే" అన్నారు.

ఆ క్యాసెట్ ఏమైందో తర్వాత చెప్తా. ముందు ఇది రాయడానికి కారణం చెప్తా. పెద్ద పెద్ద రచయితలు తమ రచనలు తామే చదివిన రికార్డింగులు ఇప్పుడు ఫోన్‌లో వెతికితే దొరికేస్తున్నాయి, అవి విన్నాక జనం రెండు రకాలుగా మాట్లాడటం చూస్తున్నా. కొందరు "ఆహా అసలు చదవాల్సింది ఇలా అన్నమాట" అంటారు, కొందరు "ఇంత గొప్ప కవి, ఇలా చదివాడేంటి" అని నీరసపడిపోతారు. రెండు మాటల వెనకా ఒకే నమ్మకం ఉంది, మనం విన్నది అచ్చంగా ఆ రచయిత గొంతే అని. క్యాసెట్లతో ఇన్నేళ్లు పని చేశాక నాకు మాత్రం ఆ గొంతులో కనీసం మూడు పొరలు వినిపిస్తాయి. మనిషి ఒకటి, ఆరోజు ఎక్కడ ఎవరి కోసం చదివాడన్నది ఒకటి, మెషీను ఒకటి. ఈ మూడూ విడదీసి వినడం అలవాటైతే అదే రికార్డింగు ఇంకోలా వినిపిస్తుంది.

మనిషితోనే మొదలుపెడదాం. మహాప్రస్థానాన్ని 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి గారు శ్రీశ్రీ చేతిరాతలోనే పుస్తకంగా వేశారు, దాంతోపాటు శ్రీశ్రీ గొంతుతో క్యాసెట్ కూడా వచ్చింది. ఇప్పుడు లెక్క చూడండి, ఆయన పుట్టింది 1910లో, అంటే ఆ క్యాసెట్ వచ్చేనాటికి 70 దాటాయి. ఆ పుస్తకంలోని పేరుమోసిన గీతాలు రాసింది 1930ల్లో, ఇరవైల్లో ఉన్నప్పుడు. మనం పుస్తకంలో వినేది కుర్రాడి గొంతు, క్యాసెట్‌లో వినిపించేది ఆ కుర్రాడు రాసినదాన్ని నలభై ఏళ్లకు పైగా మోసిన పెద్దాయన గొంతు. మనలో చాలామందికి ఆ గీతాలు ముందు మీటింగుల్లోనో కాలేజీ స్టేజీ మీదో పరిచయం, అక్కడ ఎవరో పిడికిలి బిగించి మైకు పగిలిపోయేలా చదివి ఉంటారు, ఆ గొంతే మన చెవిలో సెటిలైపోయి ఉంటుంది. దాని పక్కన అసలు కవిని పెడితే అసలాయనే కొత్తగా అనిపిస్తాడు. ఇది ఆయన లోపం కాదు, మనం ముందే ఒక గొంతు తయారు చేసుకుని కూర్చున్నాం అంతే.

ఐతే ఆ గొంతు ఇచ్చేది కాగితం ఇవ్వలేదు, అదేంటో చూడాలంటే లెక్క వేసి చూడాల్సిందే. "మరో ప్రపంచం" అన్న ముక్క తీసుకోండి, మాత్ర అంటే పొట్టి అక్షరం పలకడానికి పట్టేంత సేపు. మ ఒక మాత్ర, రో రెండు, ప్ర ఒకటి, పం రెండు, చం రెండు, మొత్తం ఎనిమిది. ఆ ముక్క మూడుసార్లు వస్తుంది, మూడు ఎనిమిదులు. నాలుగోది "పిలిచింది". పి ఒకటి, లి ఒకటి, చిం రెండు, ది ఒకటి, ఐదే. అంటే అక్కడ మూడు మాత్రల ఖాళీ ఉంది. తర్వాత వచ్చే "పదండి ముందుకు" వరసలో కూడా అంతే, ఎనిమిది ఎనిమిది ఎనిమిది, చివర "పైపైకి" దగ్గర ఐదు. పుస్తకంలో ఆ ఖాళీకి గుర్తేమీ ఉండదు, లైను అయిపోయి కింద ఇంకో లైను మొదలవుతుంది అంతే. ఆ మూడు మాత్రల్లో ఏం చెయ్యాలి, "ది"ని సాగదియ్యాలా, టక్కున ఆగి ఊపిరి పీల్చుకోవాలా, ఆగకుండా తర్వాతి లైను మీదకి దూకెయ్యాలా, చదివేవాడి ఇష్టం. రాసిన మనిషి చదువుతున్నప్పుడు సరిగ్గా అక్కడ చెవి పెట్టండి. గొంతు బాగుందా లేదా అన్నది పక్కన పెట్టేసి ఆ ఖాళీల్లో ఆయన ఏం చేశాడో వినండి, కవిత కట్టడం మొత్తం అక్కడ బయటపడుతుంది.

పద్యంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. అందరికీ వచ్చిన పోతన పద్యమే చూద్దాం. పలికెడిది భాగవతమట, పలికించు విభుండు రామభద్రుండట నే, పలికిన భవహరమగునట. స్కూల్లో మనందరం ఎలా చదివాం? "రామభద్రుండట నే..." అని రాగం తీసి ఆగి, ఆ తర్వాత "పలికిన" అందుకున్నాం. ఆ "నే" రామభద్రుడిది కాదు, "నే పలికిన భవహరమగునట", నేను పలికితే సంసారబంధం పోతుందట అని. కందపద్యంలో రెండో పాదం చివర గురువు, అంటే రెండు మాత్రల అక్షరం, ఉండి తీరాలి కాబట్టి "నే" అక్కడ పడింది, అర్థం మాత్రం మూడో పాదంలోకి కారిపోయింది. ఇప్పుడు పోతన అయితే ఎక్కడ ఆగేవాడు? పాదం చివర ఆగితే నడక నిలబడుతుంది అర్థం తెగుతుంది, "రామభద్రుండట" దగ్గర ఆగితే అర్థం నిలబడుతుంది నడక కుంటుతుంది. గొప్ప పద్యపాఠకులు రెండిటికీ మధ్యలో ఏదో చేస్తారు, "నే" మీద రాగం కిందకి దించకుండా గాల్లో వేలాడదీసి అలాగే పట్టుకెళ్లి "పలికిన"లో కలుపుతారు. పోతన గొంతు మనకి లేదు. కానీ విశ్వనాథ గొంతు రికార్డుల్లో మిగిలింది, మన బెజవాడలోనే కాలేజీ పాఠాలు చెప్పి 1976లో గుంటూరులో పోయిన మనిషి. ఆయన తరం కవులు పాదాన్ని ఎలా దాటేవాళ్లు అన్నది వ్యాకరణ పుస్తకాల్లో దొరకదు, ఆ టేపుల్లో దొరుకుతుంది. నా మటుకు నాకు ఈ రికార్డింగుల అసలు విలువ ఇదే.

రాగం తీసి చదవాలా మామూలుగా చదవాలా అన్న గొడవ మనకే కాదు. ఐర్లండ్ కవి యేట్స్ 1932లో బీబీసీలో తన కవితలు చదువుతూ ముందే చెప్పేశాడు, వీటిని పద్యంలోకి తేవడానికి నానా తంటాలు పడ్డాను, అందుకని వచనంలాగ చదవను అని. ఆ మాట చెప్పి నిజంగానే సాగదీసి దాదాపు పాటలాగా చదివాడు, ఇప్పటి ఇంగ్లీషు చెవులకి అది వింతగా ఉంటుందంట. నాకేమీ వింతగా అనిపించలేదు, హరిశ్చంద్ర నాటకంలో పద్యానికి వన్స్‌మోర్ కొట్టే ఊళ్లలో పెరిగినవాళ్లకి కవి అలా చదవడమే సహజం.

ఇక మెషీను సంగతి, నాకు బాగా తెలిసింది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ చేసింది 1877లో. 1889లో బ్రౌనింగ్ అనే ఇంగ్లీషు కవి ఒక విందులో ఆ మెషీను ముందు తన కవితే చదవబోయి మధ్యలో మర్చిపోయాడు, నా పద్యం నాకే గుర్తు రావట్లేదు క్షమించండి అన్నది కూడా అందులో రికార్డైపోయింది, ఆ డిసెంబర్లోనే పోయాడు. ఆ మరుసటి ఏడాది టెన్నిసన్ అనే ఇంకో ఇంగ్లీషు కవి మైనపు సిలిండర్ల మీద చదివాడు. సిలిండర్ మీద రెండు నిమిషాలు, నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డులో ఒక వైపు మూడు నాలుగు నిమిషాలు పట్టేది, అంటే కవి ఏది చదవాలన్నది మెషీను తేల్చేది. 1948లో ఎల్పీ, అంటే లాంగ్‌ప్లే రికార్డు, వచ్చాక వైపుకి ఇరవై నిమిషాలు పైగా దొరికింది. 1952లో న్యూయార్క్‌లో ఇద్దరు అమ్మాయిలు కేడ్‌మన్ అని రికార్డుల కంపెనీ పెట్టి డిలన్ థామస్ అనే వేల్స్ కవితో కవితలు చదివిస్తే ఒక వైపే నిండింది, రెండో వైపు నింపడానికి ఆయన తన చిన్నప్పటి క్రిస్మస్ గురించి రాసింది చదివాడు, చివరికి అదే జనానికి పట్టేసింది. మరుసటి ఏడాది ఆయన పోయాడు. రికార్డులో రెండో వైపు ఖాళీగా ఉండబట్టి ఆ గొంతులో ఆ రచన మనకి మిగిలింది.

1925లో ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చేదాకా రికార్డులు చెయ్యడానికి మైకు వాడేవాళ్లు కాదు, కవి పెద్ద గరాటు లాంటి దాన్లోకి అరిచినట్టు చదవాలి. అది మధ్యస్థాయి శబ్దాల్నే పట్టేది, స, శ, ష లాంటి ఊదుడు అక్షరాల బలం ఎక్కువగా పైస్థాయి శబ్దాల్లో ఉంటుంది, అది చాలావరకు రాలిపోయేది. అందుకని అప్పటి రికార్డు విని "ఈయనకి శ, స తేడా పలకదు" అని తేల్చెయ్యకూడదు, పలికాడో లేదో ఆ రికార్డు చెప్పలేదు. ఇప్పుడు దీనికి రివర్సులో ఇంకో తప్పు జరుగుతోంది. పాత టేపులో బుస్సుమని వచ్చే చప్పుడుని సాఫ్ట్‌వేర్‌లో పెట్టి తుడిచేస్తారు, ఆ బుస్సు ఎక్కడుందో "స" కూడా అక్కడే ఉంటుంది, ఊపిరి కూడా అక్కడే ఉంటుంది. గట్టిగా తుడిస్తే కవి నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు వినపడతాడు, పాదాల మధ్య పీల్చిన ఊపిరి మాయమవుతుంది. ఇందాక చెప్పిన మూడు మాత్రల ఖాళీలో ఆయన ఏం చేశాడో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యం ఆ ఊపిరి. నున్నగా ఉందని జనం షేర్ చేసే కాపీల్లో సగం ఇలా ఊపిరి తీసేసినవే, నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

స్పీడు సంగతి ఇంకా మోసం. క్యాసెట్‌లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీలు వీకైనా లోపలి బెల్టు సాగినా టేపు నెమ్మదిగా నడుస్తుంది, దాన్ని మంచి డెక్‌లో వేస్తే కరెక్టు స్పీడులో తిరుగుతుంది కాబట్టి గొంతు పైకెళ్లి మాట వేగంగా వస్తుంది. కవి తొందర మనిషి అనుకుంటాం, తొందర బెల్టుది. ఇది పట్టుకోవడానికి ఒక మంచి ఉపాయం ఉంది. కరెంటు మీద నడిచిన టేప్‌రికార్డర్ అయితే గొంతు కింద సన్నగా గుయ్యిమని మోత కూడా రికార్డవుతుంది, మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు ఊగుతుంది, కాబట్టి ఆ మోత 50 దగ్గరో దాని రెట్టింపు దగ్గరో ఉండాలి. బ్రాడీపేట అమ్మగారి క్యాసెట్‌ని కంప్యూటర్లో పెట్టి చూస్తే ఆ మోతని చూపించే గీత 53 దగ్గర ఉంది. అంటే ఆరు శాతం స్పీడు, పాడేవాళ్ల భాషలో చెప్పాలంటే శ్రుతి సరిగ్గా ఒక స్వరస్థానం పైకి పోయింది. సరిచేస్తే ముప్పై నిమిషాల వైపు దాదాపు 31 నిమిషాల 48 సెకన్లు అవుతుంది. ఐతే ఇది కూడా గుడ్డిగా నమ్మకూడదు, అప్పట్లో గ్రిడ్డు మీద లోడు పెరిగితే 50 అన్నది కాస్త తగ్గేది, అందుకని ఇంట్లోవాళ్ల చెవి కూడా కావాలి.

మూడో పొర, సందర్భం. విజయవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబర్ 1న మొదలైంది, మన జిల్లాల్లో రచయిత గొంతు ఇళ్లలోకి వచ్చిన దారి ప్రధానంగా అదే. స్టూడియోలో కూర్చున్న రచయిత ముందు జనం ఉండరు, గడియారం ఉంటుంది, కాగితం చప్పుడు కాకూడదు, ఇచ్చిన నిమిషాల్లో ముగించాలి. అదే మనిషి సభలో, జనం మళ్లీ మళ్లీ అంటుంటే, అదే పద్యాన్ని ఇంకోలా చదువుతాడు. ఇంట్లో ఫ్రెండ్సు మధ్య ఇంకోలా. ఈ మూడింట్లో ఒకటే మనకి దొరికితే అదే ఆయన పద్ధతి అనుకుంటాం. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ గొంతు ఈ లోకంలో మిగిలింది 1937 నాటి ఒక్క రేడియో ప్రసంగంలోనే, కొన్ని నిమిషాలు, అంతే, ఆవిడ ఇంట్లో ఎలా నవ్వేదో ఎలా మాట్లాడేదో దాన్ని బట్టి ఎలా చెప్తాం? రేడియో టేపులు ఎందుకు తక్కువ మిగిలాయంటే అప్పట్లో టేపు ఖరీదైన సరుకు, ప్రసారం అయ్యాక చెరిపేసి దాని మీదే ఇంకోటి రికార్డు చెయ్యడం చాలా దేశాల్లో మామూలే, బీబీసీ కూడా అదే చేసింది.

రేడియోకే రాసి రేడియోలోనే చదివిన రచయిత అంటే మనకి ఉషశ్రీ. ఆయన రామాయణం పుస్తకంగా చేతిలోకి తీసుకుంటే, ఆదివారం మధ్యాహ్నం ధర్మసందేహాలు విన్న ఇళ్లవాళ్లకి పేజీ తిరగేయగానే ఆ గొంతే మోగుతుంది. మా అమ్మ ఇప్పటికీ ఆ పుస్తకం మౌనంగా చదవలేదు, పెదాలు ఆయన విరుపులతోనే కదులుతాయి.

దీనికి పూర్తిగా ఇంకో వైపు కరుణశ్రీ. గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పిన జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు, పుష్పవిలాపం ఆయనది. ఎవర్నైనా ఆ పద్యాలు చదవమనండి, ఘంటసాల రాగంలోనే వస్తాయి. ఘంటసాల ఆ పద్యాలకి చేసిన మేలు అంతా ఇంతా కాదు, తెలుగు చదవడం రానివాళ్ల దాకా తీసుకెళ్లాడు. కానీ రాసినాయన లోపల ఆ పద్యం ఏ నడకలో పుట్టిందో వినడానికి మన చెవిలో చోటు లేకుండా పోయింది. జాషువా శ్మశానవాటి పద్యాలు కూడా అంతే, స్టేజీ మీద హరిశ్చంద్రుడి వేషం వేసినవాళ్ల గొంతుల్లోనే ఊరూరా తిరిగాయి, అవి జాషువావని తెలియకుండానే వన్స్‌మోర్ కొట్టినవాళ్లు ఎంతమందో. కృష్ణశాస్త్రిది ఇంకా కడుపులో దేవే సంగతి, రేడియోలో పనిచేసి తన మాటలెన్నో గాలిలోకి వదిలిన ఆయనకి గొంతు క్యాన్సర్ వచ్చి మాటే పోయింది, ఆ తర్వాత ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించేవారు. ఆయన గొంతుతో ఉన్న పాత టేపు ఎవరింట్లోనైనా ఒక్కటి ఉన్నా దాని విలువ ఎంతో ఆలోచించండి.

అందుకే మీ ఇంట్లో అలాంటివి ఏవైనా ఉంటే వెంటనే ప్లేయర్‌లో వేసెయ్యకండి ప్లీజ్. మన కృష్ణ ఒడ్డు ఉక్కకి టేపు చుట్ట మీద తెల్లగా బూజు పడుతుంది, కిటికీ లోంచి వెలుతురుకి పెట్టి చూడండి, ఉంటే అసలు తిప్పొద్దు, తిప్పితే హెడ్డుకి అంటుకుని తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. బాగుంటే క్యాసెట్ వీపు మీదుండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొట్టండి, పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోదు. చాలా ఏళ్లు కదలకుండా ఉన్నదాన్ని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి అప్పుడు కాపీ చెయ్యాలి. మొదటి కాపీ ఎంపీత్రీలో వద్దు, వేవ్ ఫైల్లో 24 బిట్, బుస్సు గిస్సు ఏమీ తుడవకుండా ఉన్నదున్నట్టు, తుడవాలనుకుంటే ఇంకో కాపీ మీద తుడవండి. ఎవరు, ఎక్కడ, ఏ ఏడు, ఏ మెషీను, తెలిసినంత రాసి పెట్టండి. ఇప్పటి రచయితల విషయంలో కొంత నయం, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల ఢిల్లీ ఆఫీసు 2000 నుంచి మన భాషల రచయితల చేత వాళ్ల రచనలు చదివించి రికార్డు చేసింది, అందులో తెలుగు కూడా ఉంది, నెట్‌లో ఫ్రీగా వినొచ్చు. ఆ పని మనూళ్లో మనమూ చెయ్యొచ్చు, ఇప్పుడు ప్రతి జేబులోనూ రికార్డర్ ఉంది, పెద్ద రచయిత ఇంటికి వెళ్లినప్పుడు సెల్ఫీతో పాటు ఒక పేజీ చదివించుకుని రండి, ఫ్యాను ఆపించి.

బ్రాడీపేట అమ్మగారు వారం తర్వాత మళ్లీ వచ్చారు. స్పీడు సరిచేసిన ఫైలు వినిపించా. గొంతు కిందకి దిగింది, మాట నిలకడగా ఉంది, ఒక సీసపద్యం మధ్యలో ఆయన ఆగి మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా ఇప్పుడు గ్లాసు చప్పుడులా ఉంది, అంతకుముందు టిక్కుమనేది. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అవును, నాన్న ఇలాగే మాట్లాడేవాళ్లు, ఇంత మెల్లిగా. మర్చిపోయా" అన్నారు. నేను పాతది డిలీట్ చెయ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు. "అది ఉంచు బాబూ. ఆయన పోయాక ఇన్నేళ్లూ నేను విన్నది దాన్నే."

రెండూ ఎక్కించి ఇచ్చాను. పేర్లు ఏం పెట్టమంటారు అంటే ఒకదానికి "నాన్న" అని, ఇంకోదానికి "నాన్న క్యాసెట్" అని పెట్టమన్నారు.